కుర్చీ వదిలి నిలబడ్డవాళ్ళు

తొంభైల చివరి ఏళ్ళలో కాకినాడలో ఫిజియోథెరపీ అంటే చాలామందికి తెలిసేది కాదు. నేను కోర్సు పూర్తిచేసి ఒక ఎముకల నర్సింగ్ హోంలో చేరినప్పుడు మా వీధిలో వాళ్ళు అమ్మని అడిగేవారు, "మీ అమ్మాయి పేషెంట్లకి కాళ్ళు నొక్కుతుందంట కదండీ?" అని. అమ్మకి ఆ మాట నచ్చేది కాదు. "ఎక్సర్‌సైజులు చేయిస్తుందండి. అది కూడా డాక్టరు చదువే," అని కాస్త పెంచి చెప్పేది. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. పుస్తకాల్లో చదివిందంతా నిజమేనని, నేను చెప్పినట్టు చేస్తే ఎవరైనా లేచి నడుస్తారని గట్టిగా నమ్మే వయసు.

ఆ ఏడు వానాకాలంలో ఒకే వృద్ధాశ్రమం నుంచి మా డాక్టరుగారి దగ్గరికి ముగ్గురు వచ్చారు. ఇద్దరికి తుంటి ఎముక విరిగింది. మూడో ఆవిడకి కుడిచేతి మణికట్టు. నెల తరవాత ఆవిడ కట్టు మార్పించుకుని వెళ్ళాక డాక్టరుగారు చేతులు కడుక్కుంటూ నన్ను పిలిచారు.

"విరిగిన ఎముకలు నేను అతికిస్తానమ్మా. అసలు వీళ్ళెందుకు పడుతున్నారో నువ్వోసారి వెళ్ళి చూసి రా. వారానికి రెండు మధ్యాహ్నాలు నీకు ఇక్కడ పని పెట్టను."

అలా మంగళవారం, శుక్రవారం భోజనం కాగానే కోటిపల్లి బస్సెక్కడం మొదలుపెట్టాను. ద్రాక్షారామం దాటిన కాసేపటికి రోడ్డు పక్కనే కాలవ వస్తుంది. కాలవకి అవతల వరిచేలు, వాటి వెనక కొబ్బరితోట. ఆశ్రమం ఇటువైపు. ఒకప్పుడు ఎవరో ఆడపిల్లల హాస్టల్ కోసం కట్టిన డాబా అది. ముందు పొడవాటి వసారా, వసారాకి ఆ చివర్నుంచి ఈ చివరిదాకా ఇనప గ్రిల్లు, వెనక వరసగా గదులు. ఇరవై మంది దాకా ఉండేవారు.

వార్డెన్ గారు యాభై దాటిన మనిషి. భారీ శరీరం, పెద్ద గొంతు. నేను వచ్చిన పని చెప్పగానే, "ఎందుకు పడుతున్నారేంటండీ? నడుస్తున్నారు కాబట్టి పడుతున్నారు," అన్నారు. "అందుకే గట్టిగా చెప్పేశాను, అవసరం లేకుండా ఎవరూ మంచం దిగొద్దని. భోజనాలు కూడా గదుల్లోకే పంపించేస్తున్నాం. నెల్లాళ్ళయింది. ఒక్కళ్ళు పడలేదు చూడండి."

ఆవిడ ఆ మాట గర్వంగానే అన్నారు. తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. ఎవరైనా పడితే పరుగెత్తాల్సింది ఆవిడే, ఆటో పిలవాల్సింది ఆవిడే, బంధువులకి ఫోన్ చేసి మాటలు పడాల్సింది ఆవిడే.

నేను గదిగదికీ వెళ్ళి అందర్నీ ఒకటే అడిగాను. "ఒకసారి లేచి నిలబడతారా?" అంతే. మంచం అంచున కూర్చున్నవాళ్ళు రెండు చేతులూ పరుపుకి ఆనించి, ముందుకీ వెనక్కీ ఊగి, మూడో ప్రయత్నంలో లేచేవారు. లేచాక వెంటనే గోడ పట్టుకునేవారు. ఒకాయన లేచీ లేవగానే, "చాలా అమ్మా?" అని మళ్ళీ కూర్చుండిపోయాడు. నెల్లాళ్ళు కూర్చున్న కాళ్ళలో బలం ఎంత త్వరగా పోతుందో చదివాను గానీ కళ్ళతో చూడటం అదే మొదటిసారి. ఆ నెల్లాళ్ళూ ఎవరూ పడలేదన్న మాట నిజం. మళ్ళీ లేచి నడవాల్సి వచ్చిన రోజున అందరూ పడతారన్నదీ నిజమే.

చూస్తుంటే మా నాయనమ్మ గుర్తొచ్చింది. నాకు పదిహేనేళ్ళప్పుడు ఆవిడ వంటింట్లో జారిపడింది. ఎముక ఏమీ విరగలేదు. కానీ ఆ రోజు నుంచి ఇంట్లో అందరం, "నువ్వు కదలకు, మేం తెచ్చిస్తాం," అనేవాళ్ళం. మంచినీళ్ళు నేనే తెచ్చిచ్చేదాన్ని. కళ్ళజోడు నేనే అందించేదాన్ని. అదంతా ప్రేమతోనే చేశాం. ఏడాది తిరక్కుండా ఆవిడ మంచం మీంచి లేవలేని స్థితికి వచ్చింది. ఆ ప్రేమ ఆవిడ కాళ్ళని ఏం చేసిందో నాకు కాలేజీలో చేరాక గానీ అర్థం కాలేదు.

వార్డెన్ గారితో చెప్పాను, "వాళ్ళు పడకుండా ఉండాలంటే నిలబడాలండి, నడవాలండి. కాళ్ళకి మళ్ళీ నేర్పాలి."

"నేర్పేటప్పుడు పడితే?"

"నేనుంటాను కదండీ."

ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూశారు. సన్నగా, పొట్టిగా ఉండేదాన్ని. "సరే, చూడండి," అన్నారు.

మొదటి శుక్రవారం ఏడుగురు వచ్చారు. వసారాలో గ్రిల్లు పట్టుకుని వరసగా నిలబెట్టాను. మడమలు పైకెత్తి దించడం, ఒక కాలు కాస్త ఎత్తి రెండో కాలి మీద నిలబడటం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. తరవాత సుద్దముక్కతో గచ్చు మీద ఒక గీత గీసి, ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి దాని మీద నడవమన్నాను. "ఈ వయసులో మాకు డ్రిల్లేంటమ్మా," అని నవ్వుకున్నారు గానీ చేశారు.

ఆ ఏడుగురిలో ఇద్దరు నాకు పాఠం చెప్పిన వాళ్ళు. ఒకాయన కోటిపల్లి రేవులో ముప్ఫై ఏళ్ళ పైగా లాంచీ నడిపిన సరంగు. బక్కపలచగా, నిటారుగా ఉండేవారు. ఒంటికాలి మీద నిలబడమంటే అందరూ తల వంచి కాళ్ళ వైపు చూసుకుంటుంటే ఆయన కోప్పడ్డారు.

"నేల కేసి చూడకండి! లాంచీలో నీళ్ళకేసి చూసినోడు పడతాడు. ఎదర ఒడ్డు చూడాలి. అదిగో, ఆ వంగిన కొబ్బరిచెట్టు చూడండి. మోకాళ్ళు బిగపట్టొద్దు, కొంచెం వదులుగా పెట్టండి."

అందరూ తలలెత్తి కాలవ అవతల కొబ్బరిచెట్టు కేసి చూశారు. ఊగడం తగ్గింది. పుస్తకంలో కూడా అదే ఉంది. చూపు ఒకచోట నిలపాలని పేజీన్నర రాశారు. ఆయన ఒక్క మాటలో చెప్పేశారు. ఆ రోజు నుంచి, "సరంగుగారూ, మీరు నా పక్కన నిలబడండి," అన్నాను. "ఆయ్, అలాగేనండి," అని వచ్చి నిలబడ్డారు.

రెండో మనిషి ఒక మామ్మగారు. జీవితమంతా చేలల్లో ఊడ్పులకి, కోతలకి వెళ్ళిన మనిషి. నడుము బాగా వంగిపోయింది. కానీ సుద్దగీత మీద నడవమంటే ఒక్క అడుగు తప్పకుండా నడిచేసి, "ఇదేనా? గట్టు మీద నారు మోపు నెత్తినెట్టుకుని ఎళ్ళేవోళ్ళం," అంది.

రానివాళ్ళలో ముఖ్యమైన ఆవిడ లెక్కల టీచరుగారు. మణికట్టు విరిగి మా నర్సింగ్ హోంకి వచ్చిన మూడో మనిషి ఆవిడే. ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. అక్కగారూ తనూ కలిసి ఉండేవారట. అక్కగారు పోయాక ఎవరూ పంపకుండా తనే వచ్చి ఆశ్రమంలో చేరారు. ఆవిడ గది వసారాని ఆనుకునే ఉండేది. తలుపు ఓరగా తీసి ఉండేది. పిలిస్తే, "నాకు ఓపిక లేదమ్మా," అనేవారు. నిజానికి ఓపిక లేక కాదు. బాత్రూములో పడి, అరగంట పాటు పిలిచినా ఎవరికీ వినపడక ఆ తడిలోనే ఉండిపోయారట. ఆ తరవాత మంచం దిగాలంటేనే ఆవిడకి భయం.

మూడో వారంలో కాబోలు, నేను అంకెలు లెక్కపెడుతూ పక్కన ఒకావిడ చీర కుచ్చిళ్ళు కాళ్ళకి అడ్డం వస్తుంటే సర్దుతున్నాను. లోపల్నుంచి గొంతు వినిపించింది.

"ఏడు అయ్యాక మళ్ళీ ఆరేంటమ్మా? పాపం వాళ్ళు ఒంటికాలి మీద ఉన్నారు."

అందరూ నవ్వేశారు. నేను తలుపు దగ్గరికి వెళ్ళి, "నాకు లెక్కలు రావు టీచరుగారూ. మీరు లెక్కపెట్టండి, నేను మనుషుల్ని చూసుకుంటాను," అన్నాను.

"ఇక్కణ్ణుంచే పెడతాను."

"అలాగే పెట్టండి."

రెండు క్లాసులు మంచం మీంచే లెక్కపెట్టారు. తరవాత, సరిగ్గా చేస్తున్నారో లేదో కనపడటం లేదని గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకున్నారు. ఆవిడ అంకెలు తూకం వేసినట్టు ఉండేవి, తొందర ఉండేది కాదు. నెల తిరిగేసరికి, కట్టు విప్పేశాక, ఆవిడే కుర్చీ వీపు పట్టుకుని లేచి నిలబడ్డారు. నేనేమీ అనలేదు. ఏదైనా అంటే మళ్ళీ కూర్చుంటారని భయం.

ఒక మంగళవారం ఆవిడ చేతికి ఎక్సర్‌సైజులు చేయిస్తూ, "ఏం చేయగలిగితే మీకు బాగుంటుందండీ?" అని అడిగాను. కాలేజీలో నేర్పిన ప్రశ్న అది. భీమేశ్వరస్వామి గుడికి నడిచి వెళ్ళాలంటారేమో అనుకున్నాను.

ఆవిడ వసారాలో ఎవరైనా ఉన్నారేమోనని చూసి, గొంతు తగ్గించి చెప్పారు. "గడియ వేసుకుని స్నానం చెయ్యాలి."

పడిన రోజు నుంచి ఆవిడ స్నానం చేస్తుంటే ఆయా లోపలే నిలబడుతోంది. వార్డెన్ గారి రూలు.

"ఆయా మంచి మనిషే. తల తిప్పుకునే ఉంటుంది. నేనే ఇంకా అలవాటు పడలేకపోతున్నాను," అన్నారు. అని, చేతి వేళ్ళు ముడవడం తెరవడంలో పడిపోయారు.

బస్సులో తిరిగి వస్తూ ఆ స్నానాన్ని ముక్కలు ముక్కలుగా ఆలోచించాను. గడప దాటాలి. అంటే ఒక క్షణం ఒంటికాలి మీద నిలబడాలి. వంగి చెంబు ముంచాలి. చెయ్యి వెనక్కి తిప్పి వీపు మీద పోసుకోవాలి. కళ్ళు మూసుకుని మొహం కడుక్కోవాలి. ఇది అన్నిటికన్నా కష్టం. తడి నేల మీద పక్కకి తిరగాలి. నిలబడి చీర కట్టుకోవాలి. రోజూ ఏ ఆలోచనా లేకుండా చేసేస్తున్న పనిలో ఇంత ఉందని నాకెప్పుడూ తట్టలేదు.

తరవాతి క్లాసులో వసారాలోకి ఖాళీ బకెట్టు, ఖాళీ చెంబు తెప్పించాను. కట్టుకున్న బట్టల మీదే ఉత్తుత్తి స్నానం. టీచరుగారు ఒక చేత్తో కుర్చీ పట్టుకుని వంగి చెంబు ముంచి భుజం మీద పోసుకున్నారు. మిగతా ఆడవాళ్ళంతా, "మేమూ చేస్తాం," అన్నారు. "నీళ్ళు చన్నీళ్ళా, వేణ్ణీళ్ళా?" అని మామ్మగారు అడిగితే అందరూ కుర్చీలు పట్టుకుని మరీ నవ్వారు.

అంతా బాగా జరుగుతున్న రోజుల్లోనే నేను తప్పు చేశాను.

చలికాలం మొదట్లో ఒక శుక్రవారం ఆశ్రమం కమిటీ పెద్దలు ముగ్గురు చూడటానికి వచ్చారు. వార్డెన్ గారు వాళ్ళని వసారాలోకి తీసుకొచ్చి, "ఈ అమ్మాయేనండి," అన్నారు. నాకు లోపల ఎంత సంబరంగా ఉందో చెప్పలేను. అప్పటికి టీచరుగారు కుర్చీ వదిలి ఒక అంకె లెక్కపెట్టేదాకా నిలబడగలిగేవారు. అదీ నేను రెండు చేతులూ ఆవిడకి రెండు పక్కలా పెట్టి ఉంచితేనే. ఆ రోజు, "ఒక్కసారి వదలండి టీచరుగారూ," అని చెప్పి, కమిటీవాళ్ళ వైపు తిరిగి, "మూడు నెలల క్రితం ఈవిడ మంచం దిగేవారు కాదండి," అంటున్నాను.

వెనక చప్పుడైంది.

ఆవిడ ఎడమవైపుకి పడ్డారు. గ్రిల్లు కింది కమ్మీకి నుదురు తగిలింది. తెల్లజుట్టు మీద నెత్తురు కనిపించింది. నాలుగేళ్ళు చదివిన దాంట్లో ఒక్కటీ గుర్తు రాలేదు. సరంగుగారే నేల మీద కూర్చుని ఆవిడ తల తన కండువా మీద పెట్టి, "ఆటో పిలవండి," అన్నారు. ఆయా పరుగెత్తింది. నేను ఆవిడ పక్కన కూలబడి చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ ఏడవలేదు. ఎడమ మణికట్టు కేసి చూసుకుని, "ఇదీ పోయిందమ్మా," అన్నారు.

ఆటో ఎక్కించేటప్పుడు వార్డెన్ గారు నా పక్కకి వచ్చి, ఎవరికీ వినపడకుండా ఒక్క మాట అన్నారు.

"నేనుంటానన్నారు కదండీ."

అరిచినా బాగుండేది.

నుదుటికి నాలుగు కుట్లు పడ్డాయి. మణికట్టు పగిలింది. తుంటికి ఏమీ కాలేదు. తరవాతి మంగళవారం నేను బస్సెక్కలేదు. నర్సింగ్ హోంలో పని ఎక్కువగా ఉందని డాక్టరుగారితో చెప్పాను. ఆయన నా మొహం చూసి, "నీ ఇష్టం," అన్నారు. టీచరుగారు కట్టు చూపించుకోడానికి వచ్చిన రోజు నేను లోపల మెషిన్ల గదిలో తలుపు వేసుకుని కూర్చున్నాను. బయట ఆవిడ గొంతు వినపడుతూనే ఉంది. నా గురించి అడిగారో లేదో తెలీదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. ఆ రోజుల్లో పేషెంట్లెవరైనా కర్ర వదిలి అడుగు వేస్తామంటే, "ఇప్పుడే వద్దులెండి," అనేదాన్ని. వార్డెన్ గారు మంచం దిగొద్దన్న మాటకీ నా మాటకీ తేడా లేదని అప్పుడు గమనించలేదు.

ఐదు వారాల తరవాత నర్సింగ్ హోంకి ఫోన్ వచ్చింది. వార్డెన్ గారు.

"ఏంటండీ, బొత్తిగా రావడం మానేశారు?"

"మీరే వద్దంటారనుకున్నానండి."

"వద్దనే అన్నాను. వీళ్ళు నా మాట వింటేగా! మంగళవారం, శుక్రవారం మూడయ్యేసరికి అందరూ వసారాలో తయారు. సరంగుగారు ముందు నిలబడతారు. టీచరుగారేమో కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని అంకెలు లెక్కపెడతారు. నిన్న ఒకాయన గ్రిల్లు వదిలేసి రెండు చేతులూ గాల్లో ఊపాడండి. నా గుండె ఆగినంత పనైంది. ఆపలేకపోతున్నాను, చూడలేకపోతున్నాను. మీరొచ్చి దగ్గరుండి చేయించండి మహాప్రభో."

వెళ్ళాను. బస్సు దిగి ఆ నాలుగడుగులు వేయడానికి చాలాసేపు పట్టింది. వసారాలో ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. "వచ్చావా, రా," అన్నారు. నేను నేరుగా టీచరుగారి గదిలోకి వెళ్ళి, నిలబడే, "నాది తప్పండి. నేను మిమ్మల్ని చూడాల్సింది," అన్నాను. ఇంకా ఏదో సిద్ధం చేసుకుని వెళ్ళాను గానీ అంతే చెప్పగలిగాను.

ఆవిడ నుదుటి మీద కుట్ల గుర్తు ఎర్రగా ఉంది.

"నువ్వు వదలమన్నావని వదిలాను. వదిలి రెండు అంకెలు నిలబడ్డాను, తెలుసా నీకు?"

"తెలీదండి."

"తెలీదు. ఎందుకంటే నువ్వు అటు తిరిగి వాళ్ళకి నా గురించి చెబుతున్నావు. రెండు అంకెలు నిలబడ్డ సంగతి ఎవరూ చూడలేదు. పడటం మాత్రం అందరూ చూశారు." ఆగి మళ్ళీ అన్నారు, "నాకు చెయ్యి విరిగినందుకు కాదు, దానికి బాధేసింది."

నేను ఏడ్చేశాను. ఆవిడ ఓదార్చలేదు. "మూడవుతోంది, వాళ్ళు నిలబడి ఉంటారు," అని లేచారు.

ఆ రోజు నుంచి నా పద్ధతి మారింది. కుర్చీ వదిలేటప్పుడు ఒక్కొక్కరుగానే. వెనక గోడ, ముందు కుర్చీ, పక్కన నేను. ఆ ఒక్కరి మీంచి నా చూపు తిప్పేదాన్ని కాదు. ఎవరైనా వస్తే వాళ్ళని కూర్చోమని, క్లాసు అయ్యాక మాట్లాడేదాన్ని.

ఇంకోటి కూడా మారింది. దానికి కారణం మామ్మగారు. ఒక రోజు క్లాసు అయ్యాక అడిగింది, "పడకుండా ఉండటం నేర్పుతున్నారు సరేగానండీ, పడ్డాక లెగటం నేర్పరేంటి? టీచరుగారు ఆ బాత్రూములో అరగంట పడున్నారంటే ఎముక ఇరిగి కాదు, లెగటం రాక."

కాలేజీలో ఆ పాఠం ఉంది గానీ, డెబ్భై దాటినవాళ్ళని కావాలని నేల మీద పడుకోబెట్టి లేపాలని నాకెప్పుడూ తోచలేదు. తరవాతి వారం చాపలు, బొంతలు పరిచాం. మొగవాళ్ళ ముందు పడుకోడానికి ఆడవాళ్ళు సిగ్గుపడితే మంగళవారం ఆడవాళ్ళకి, శుక్రవారం మొగవాళ్ళకి అని పెట్టాను. ముందు కంగారు పడకుండా కాసేపు అలాగే ఉండాలి. ఎక్కడ నొప్పి ఉందో చూసుకోవాలి. పక్కకి దొర్లాలి. మోచేతి మీద, తరవాత మోకాళ్ళ మీద లేచి, పాకుతూ కుర్చీ దాకా వెళ్ళి, రెండు చేతులూ దాని మీద ఆనించి, గట్టి కాలు ముందు పెట్టి లేవాలి.

మామ్మగారు మొదటిసారే లేచేసింది. మిగతావాళ్ళకి మూడు నాలుగు వారాలు పట్టింది. మోకాళ్ళ నొప్పులున్న ఇద్దరు లేవలేకపోయారు. వాళ్ళకి కనీసం గట్టిగా చప్పుడు చేసి పిలవడం, ఒంటి మీదకి దుప్పటి లాక్కోవడం నేర్పాను. ఒక మంగళవారం మేమంతా పట్టుబట్టితే వార్డెన్ గారు కూడా చాప మీద పడుకున్నారు. లేవబోయి, సగంలో ఆగిపోయి, నాలుగు కాళ్ళ మీద ఉండి నవ్వు ఆపుకోలేక, "నన్నెవరైనా లేపండర్రా!" అని అరిచారు. ఎవరూ లేపలేదు. టీచరుగారు, "తొందర లేదు. కుడికాలు ముందుకి పెట్టండి," అన్నారు. వార్డెన్ గారు లేచి నిలబడి, చెమట తుడుచుకున్నారు. మర్నాడు భోజనాలు గదుల్లోకి పంపడం ఆపేసి అందర్నీ హాల్లోకి రమ్మన్నారట.

టీచరుగారి స్నానం ఎండలు ముదరక ముందే జరిగింది. దానికి ముందు వడ్రంగిని పిలిపించి గడియని బయట్నుంచి కూడా తీయడానికి వీలుగా మార్పించారు వార్డెన్ గారు. గోడకి ఒక ఇనప కమ్మీ బిగించారు. నున్నటి గచ్చుని గరుకుగా చెక్కించారు. టీచరుగారు బట్టలు భుజాన వేసుకుని లోపలికి వెళ్ళారు. గడియ పడిన శబ్దం వినపడింది. బయట నేనూ వార్డెన్ గారూ రెండు కుర్చీల్లో కూర్చున్నాం. మొదట చెంబు నీళ్ళు. కాసేపాగి ఇంకో చెంబు. ఆ తరవాత ఏ చప్పుడూ లేదు. ఎంతసేపో తెలీదు. వార్డెన్ గారు లేవబోతే నేను చెయ్యి పట్టుకున్నాను.

లోపల్నుంచి గొంతు వచ్చింది. "చీర కట్టుకుంటున్నాను. గుమ్మం దగ్గర ఎవరూ కాపలా కాయక్కర్లేదు."

మేమిద్దరం కుర్చీలు చప్పుడవకుండా ఎత్తుకుని అవతలికి వెళ్ళిపోయాం.

అంతా ఇలాగే బాగుపడిందని చెబితే అబద్ధం. చివరిదాకా క్లాసుకి రానివాళ్ళు కొందరు ఉన్నారు. ఎంత చెప్పినా రాలేదు. క్రమం తప్పకుండా వచ్చిన ఒకావిడ పొద్దున్నే మంచం దిగుతూ పడింది. తుంటి విరిగింది. మూడు నెలలు మంచాన ఉండి చనిపోయింది. ఆవిడకి నేనేం తక్కువ చేశానా అని చాలారోజులు ఆలోచించాను. పడటం తగ్గింది, ఆగలేదు. సరంగుగారు ఆ మరుసటేడు జ్వరంతో నాలుగు రోజులు పడుకుని పోయారు. పోయే వారం ముందు దాకా వసారాలో అందరికీ ఎదురుగా నిలబడ్డారు.

పెళ్ళయి నేను రాజమండ్రి వచ్చేశాను. వచ్చే ముందు వార్డెన్ గారికి క్లాసంతా నేర్పి, దగ్గరుండి నాలుగుసార్లు చేయించాను. ఆవిడ నాకన్నా జాగ్రత్తగా చేయించేవారు. చూపు అస్సలు తిప్పేవారు కాదు.

మూడేళ్ళు గడిచాక ఒక రోజు రాజమండ్రికి ఆవిడ ఫోన్ చేశారు. మంచి కోపం మీద ఉన్నారు.

"మీ టీచరుగారు ఏం చేశారో తెలుసా? మొన్న పొద్దున్న గదిలో పడ్డారు. తనే లేచారట. లేచి స్నానం చేసి వచ్చి టిఫిన్ తిని, క్లాసులో అంకెలు కూడా లెక్కపెట్టారు. ఒక్కళ్ళకి చెప్పలేదు. ఇవాళ ఆయా మోకాలు వాపు చూసి చెబితే తెలిసింది. నేనేం మనిషిని కాదాండీ? నాకు చెప్పాలా వద్దా? మీరే అడగండి." ఫోన్ టీచరుగారి చేతికిచ్చారు.

"ఎందుకు చెప్పలేదండీ?" అన్నాను.

"చెబితే వారం రోజులు మంచం మీద కూర్చోబెడతారు." ఆవిడ గొంతు సన్నబడింది గానీ మాటలో తొందర లేదు. "లేవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. మధ్యలో రెండుసార్లు ఆగాను. కుర్చీ దూరంగా ఉంది, మంచం కోడు పట్టుకున్నాను."

"నొప్పి ఉందా?"

"ఉంది. ఉండదేంటి?"

వెనకనుంచి వార్డెన్ గారు ఏదో గట్టిగా అంటున్నారు. ఇద్దరిలో ఎవరి తరఫున మాట్లాడాలో నాకు తోచలేదు. చెప్పకుండా దాచడం ప్రమాదమని నాకు తెలుసు. చెబితే ఏమవుతుందోనని ఆవిడ ఎందుకు భయపడ్డారో కూడా తెలుసు. చివరికి ఇద్దరికీ నచ్చని మాటే చెప్పాను. రేపే కాకినాడ తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించమని వార్డెన్ గారికి, ఈసారి పడితే ఆ గంటలోనే చెబుతానని మాటివ్వమని టీచరుగారికి. ఎముక విరక్కపోతే ఆవిణ్ణి మంచం మీద కూర్చోబెట్టనని వార్డెన్ గారిని కూడా మాటివ్వమన్నాను.

టీచరుగారు, "సరే, ముందు ఆవిణ్ణి ఒప్పుకోనీ," అన్నారు.

ఎక్స్‌రేలో ఏమీ విరగలేదు. ఆ శుక్రవారం మోకాలికి పట్టీ వేసుకుని, కుర్చీలో కూర్చునే లెక్కపెట్టారట.